తేలిందా? తేల్చేశారా?

ఇంగ్లీషు పేపర్లో రాజకీయాల పేజీ, ఆటల పేజీ చదివే అలవాటున్నవాళ్లకి 'ఫోర్‌గాన్ కన్‌క్లూజన్' అన్న మాట బాగా పరిచయం. ఫలానా నియోజకవర్గంలో ఫలానా ఆయన గెలుపు ఫోర్‌గాన్ కన్‌క్లూజన్. ఫలానా మ్యాచ్‌లో ఫలానా జట్టు ఓటమి ఫోర్‌గాన్ కన్‌క్లూజన్. ఆఫీసుల్లోనూ వినిపిస్తుంది, ముఖ్యంగా ప్రమోషన్ల సీజన్లో. అర్థం గురించి ఎవరికీ పేచీ లేదు: ఏం జరగబోతోందో ముందే తేలిపోయింది, మిగతాదంతా తంతు.

ఇంత తేలిగ్గా వాడేసే ఈ మాట పుట్టిన చోటు మాత్రం తేలికైనది కాదు. షేక్‌స్పియర్ 'ఒథెల్లో', మూడో అంకం, మూడో రంగం. అక్కడ ఈ మాటకి మనం ఇవాళ వాడే అర్థం లేదు. కాలం దిశే వేరు. మనం దాన్ని జరగబోయేదాని గురించి వాడతాం. ఒథెల్లో జరిగిపోయిందని తను నమ్మినదాని గురించి వాడాడు. అర్థాలు మారడం భాషలో మామూలే, దాని కోసం ఒక వ్యాసం అక్కర్లేదు. కానీ ఆ మాట ఎవరు, ఎవరి గురించి, ఏ ఆధారం మీద అన్నారో చూశాక, దాన్ని ఇవాళ మనం వాడే పద్ధతి మీద కూడా కొంచెం అనుమానం మొదలవుతుంది. ఈ వ్యాసం ఆ అనుమానం గురించి.

ముందు ఒక చిన్న స్పెల్లింగ్ సంగతి. ఇంగ్లీషులో ఈ మొదటి పదాన్ని మధ్యలో 'ఈ' అక్షరంతో రాస్తే ముందే వెళ్లిపోయినది, గడిచినది అని అర్థం. 'ఈ' లేకుండా రాస్తే వదులుకున్నది, త్యాగం చేసినది అని. చాలామంది రెండోదాన్ని రాసేస్తుంటారు, ఎడిటర్లు దిద్దుతుంటారు. తెలుగు లిపిలో రాసుకుంటే ఈ గొడవ లేదు, రెండూ 'ఫోర్‌గాన్' అనే వస్తాయి. రెండో పదం 'కన్‌క్లూజన్' ఇంకా తమాషా. ఇవాళ దానికి ముగింపు, నిర్ధారణ అన్న అర్థాలే మనకి తెలుసు. షేక్‌స్పియర్ కాలంలో ప్రయోగం, చేసి చూడటం అన్న అర్థం కూడా ఉండేది. ఆయన క్లియోపాత్రా నొప్పి తెలియకుండా చావడానికి ఎన్నో మార్గాలు పరీక్షించి చూసిందని చెప్పే చోట కూడా ఇదే పదం వాడాడు. రెండూ కలిపితే ఒథెల్లో నోట ఆ మాటకి అర్థం ఇది: ఇదివరకే జరిగిపోయిన పని.

ఇప్పుడు ఆ సన్నివేశం.

డెస్డిమోనాకి కాసియోతో సంబంధం ఉందని ఇయాగో ఒథెల్లో చెవిలో వేశాడు. ఒథెల్లో మొదట గొప్పగా మాట్లాడతాడు. చూసిన తర్వాతే అనుమానిస్తాను, అనుమానం వస్తే రుజువు చేసుకుంటాను, రుజువైతే ప్రేమైనా అసూయైనా ఏదో ఒకటి అక్కడితో వదిలేస్తాను అన్న అర్థంలో. చదివితే మంచి ఇంజినీరింగ్ ప్రాసెస్‌లా ఉంటుంది. తర్వాత ఇయాగో గొంతు పట్టుకుని కళ్లకి కనిపించే రుజువు కావాలని నిలదీస్తాడు కూడా. అప్పుడు ఇయాగో ఇచ్చింది ఏమిటి? ఒక కల. అది కూడా ఒథెల్లోకి వచ్చిన కల కాదు, ఇయాగోకి వచ్చిన కలా కాదు, కాసియోకి వచ్చిందని ఇయాగో చెప్పే కల. ఈ మధ్య ఒక రాత్రి కాసియో పక్కన పడుకున్నాడట, పంటి నొప్పితో నిద్ర పట్టలేదట, కాసియో నిద్రలో డెస్డిమోనా పేరు పలవరించాడట. ఒథెల్లో మండిపడతాడు. ఇయాగో ఎంత తెలివైనవాడంటే, అబ్బే, అది ఉత్త కలే కదా అని తనే వెనక్కి లాగుతాడు. అప్పుడు ఒథెల్లో అంటాడు: కలే కావచ్చు, కానీ ఇదివరకే జరిగిపోయిన పనిని అది సూచిస్తోంది.

ఇదీ ఆ మాట జన్మస్థలం. ఇంగ్లీషు భాషలో నిశ్చయానికి పర్యాయపదంగా చలామణి అవుతున్న మాట, మొదటిసారి ఒక అబద్ధపు కల ఆధారంగా, జరగని పని గురించి పుట్టింది. ఆ మాట అన్నవాడికి తప్ప ప్రేక్షకులందరికీ అది అబద్ధమని తెలుసు.

ఇక్కడ పాఠ్యంలో ఒక తేడా ఉంది, విమర్శకులు పట్టించుకునేది. నాటకం 1604 నవంబరు 1న జేమ్స్ రాజు ఆస్థానంలో ఆడారు. అచ్చయింది మాత్రం షేక్‌స్పియర్ పోయాక, 1622లో క్వార్టోగా, 1623లో ఫోలియోలో భాగంగా. రెంటికీ తేడాలు చాలా ఉన్నాయి. ఫోలియోలో సుమారు 160 పంక్తులు ఎక్కువ. ఈ సన్నివేశంలో మనకి కావలసిన తేడా ఒక్క పంక్తిది. 'జరిగిపోయిన పని' అన్న వెంటనే, కలే అయినా గట్టి అనుమానానికి తావిస్తోంది అన్న అర్థం వచ్చే పంక్తి ఒకటి ఉంది. ఫోలియోలో అది కూడా ఒథెల్లోదే. క్వార్టోలో ఇయాగోది.

ఒక్క పంక్తి ఎవరి నోట్లో పెడితే ఏమిటి అనుకోవచ్చు. చాలా తేడా ఉంది. క్వార్టో ప్రకారం అయితే ఇద్దరు కలిసి అనుమానాన్ని పెంచుతున్నారు. ఒకడు అంటాడు, రెండోవాడు ఊ కొడతాడు. ఫోలియో ప్రకారం అయితే ఇయాగో పని దాదాపు అయిపోయింది. ఒథెల్లో తనంతట తనే ముందు నిర్ధారణకి వస్తాడు, తర్వాత దానికి అనుమానం అన్న చిన్న పేరు పెట్టుకుంటాడు. వరస గమనించండి. ముందు 'జరిగిపోయింది', ఆ తర్వాత 'అనుమానించాల్సిందే'. అనుమానం నుంచి నిర్ధారణకి వెళ్లాల్సిన మనిషి నిర్ధారణ నుంచి అనుమానానికి వస్తున్నాడు. నాకు ఫోలియో వరసే ఎక్కువ భయం పుట్టిస్తుంది. ఎందుకంటే మనుషులు నిజంగా అలాగే చేస్తారు.

ఈ వరసకి తెలుగులో మనకి బ్రహ్మాండమైన మాట ఉంది. నిఘంటువులో ఉండదు కానీ హాస్టల్ గదుల్లో, చాయ్ బండి దగ్గర రోజూ వినిపిస్తుంది: ఫిక్స్ అయిపోవడం. "నువ్వు ఫిక్స్ అయిపోయావ్‌రా, ఇంక నీకేం చెప్పినా ఎక్కదు" అంటాం. ఒథెల్లో ఫిక్స్ అయిపోయాడు. నాలుగు వందల ఏళ్ల విమర్శ సారం ఈ రెండు పదాల్లో పడుతుందని అనను కానీ, ఆ రంగానికి ఇంతకంటే దగ్గరి మాట నాకు తోచలేదు.

*

ఇక ఇవాళ్టి వాడుక. 'ఫోర్‌గాన్ కన్‌క్లూజన్' అని ఇంగ్లీషులో ఒక్కటే అనే చోట తెలుగులో మనం కనీసం మూడు రకాల మాటలు వాడతాం. ఆ మూడూ ఒకటి కాదు.

మొదటిది క్రీడా వార్తల భాష: "విజయం లాంఛనమే." ఇది అంచనా. చేతిలో ఉన్న లెక్కల్ని బట్టి ఫలితం దాదాపు ఖాయమని చెప్పడం. కానీ ఆ మాటలో ఒక మర్యాద ఉంది. లాంఛనమైనా సరే, అది జరగాలి. మిగిలిన వికెట్లు పడాలి. అంచనా చెప్పినవాడు మ్యాచ్ ఆపెయ్యడు.

2001 మార్చి, కోల్‌కతా టెస్టు. ఆస్ట్రేలియా 445 కొట్టింది. మనవాళ్లు 171కి ఆలౌటై ఫాలో ఆన్ ఆడారు. ఆ క్షణంలో ఆస్ట్రేలియా విజయం లాంఛనమే అని ఎవరైనా రాసి ఉంటే అది పక్షపాతం కాదు, బుద్ధి తక్కువా కాదు. అప్పటికి టెస్టుల చరిత్ర మొత్తంలో ఫాలో ఆన్ ఆడి గెలిచింది రెండే సార్లు, 1894లోనూ 1981లోనూ, రెండుసార్లూ ఇంగ్లండే. తర్వాత జరిగింది తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. మన హైదరాబాద్ కుర్రాడు లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. నాలుగో రోజు పొద్దున్నించి సాయంత్రం దాకా ఇద్దరూ అవుట్ కాలేదు. 657 దగ్గర డిక్లేర్ చేసి 171 పరుగుల తేడాతో గెలిచారు. అంచనా తప్పింది. కానీ అంచనా వేసినవాళ్ల వల్ల ఎవరికీ అన్యాయం జరగలేదు, ఎందుకంటే బ్యాటు లక్ష్మణ్ చేతిలోనే ఉంది.

రెండోది ఇంటి భాష: "కానున్నది కాక మానదు", "రాసిపెట్టి ఉంది." ఇది విధి. ఇక్కడ ఫలితం ముందే ఉంది, కానీ ఏమిటో మనకి తెలియదు. జరిగాకే తెలుస్తుంది. అందుకే ఈ మాట ఎక్కువగా జరిగిపోయిన తర్వాత, ఓదార్పుగా వాడతాం. చావు ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. అక్కడ దాన్ని తర్కంతో కొట్టబోవడం మూర్ఖత్వం. అది వాదన కాదు, భుజం మీద చెయ్యి.

మూడోది ఎక్కువగా ఆఫీసు, కోర్టు, పంచాయితీల భాష: "ముందే తేల్చేశారు." ఇది తీర్పు. విచారణ మొదలవ్వకముందే రాసుకున్న తీర్పు.

ఇప్పుడు తెలుగు చేసే ఒక మంచి పని చూడండి. 'తేలు', 'తేల్చు'. ఒకటి దానంతట అది జరిగేది. రెండోది ఎవరో ఒకరు చేసేది. లెక్క తేలింది. లెక్క తేల్చారు. "విషయం ముందే తేలిపోయింది" అంటే నీళ్లలో చెక్కలా నిజం తనంతట తాను పైకి వచ్చిందని అర్థం. "ముందే తేల్చేశారు" అనగానే వెంటనే ప్రశ్న పుడుతుంది: ఎవరు? ఒక్క ఒత్తు తేడాతో కర్త వచ్చి వాక్యంలో కూర్చుంటాడు. ఇంగ్లీషు నుడికారానికి ఈ సౌకర్యం లేదు. 'అది ఒక ఫోర్‌గాన్ కన్‌క్లూజన్' అన్న వాక్యంలో మనిషి ఉండడు. ఎవరో తేల్చిన సంగతి కూడా అందులో తేలిన సంగతిలాగే కనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఆ నుడికారం చేసే అసలు పని ఇదే. అంచనా, విధి, తీర్పు ఈ మూడింటినీ ఒకే చొక్కాలో దూర్చి, మూడోదానికి మొదటిదాని గౌరవం కట్టబెట్టడం.

ముందు పనిచేసిన ఒక కంపెనీలో మా టీమ్‌లో ఒకతన్ని పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్‌లో పెట్టారు. ఐటీలో ఉన్నవాళ్లు దాన్ని 'పిప్' అంటారు, నవ్వకుండా. అరవై రోజులు, ప్రతి శుక్రవారం రివ్యూ. రెండో వారంలో అతను ఒక మాడ్యూల్ అనుకున్న తేదీ కంటే ముందే ఇచ్చాడు. రివ్యూలో వచ్చిన మాట: ఇప్పుడు చెయ్యగలిగినవాడు మొన్నటిదాకా ఎందుకు చెయ్యలేదు? నాలుగో వారంలో ఒక రోజు ఆలస్యమైంది. వచ్చిన మాట: చూశారా. ఇంకా ఇరవై రోజులు ఉందనగా అతని స్థానంలోకి కొత్త మనిషి కావాలన్న రిక్వెస్ట్ సిస్టమ్‌లో కనిపించింది. అతను వెళ్లిపోయిన రోజు క్యాంటీన్లో ఒకాయన, చెడ్డవాడు కూడా కాదు, ప్లేటు తుడుచుకుంటూ అన్నాడు, "అది ఫోర్‌గాన్ కన్‌క్లూజనే కదండీ." అందరం తలూపాం. ఆ వాక్యం ఎంత శుభ్రంగా ఉందంటే, అందులో మేనేజర్ లేడు, రివ్యూలు లేవు, ఆ రిక్వెస్ట్ పెట్టిన వేలు లేదు. అదే మాట తెలుగులో "ముందే తేల్చేశారు కదండీ" అని ఉంటే ఆ టేబుల్ దగ్గర కాసేపు నిశ్శబ్దం ఉండేది.

*

తేల్చేసిన తర్వాత ఆధారాలకి ఏమవుతుందో 'ఒథెల్లో' కంటే బాగా చూపించిన రచన నేను చదవలేదు. నాలుగో అంకంలో ఒథెల్లో ఎమిలియాని ప్రశ్నిస్తాడు. ఆవిడ డెస్డిమోనాకి పరిచారిక, రోజంతా వెంట ఉండే మనిషి. నువ్వేమైనా చూశావా? లేదు. విన్నావా? లేదు. విసనకర్ర తెమ్మనో, చేతి తొడుగులు తెమ్మనో నిన్ను బయటికి పంపించారా? ఎప్పుడూ లేదు. ఆవిడ నిజాయితీ మీద నా ఆత్మనే పందెం కాస్తాను అంటుంది ఎమిలియా. ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. ఆవిడ అటు వెళ్లగానే ఒథెల్లో అనుకునేది ఏమిటంటే, ఇలాంటి పనులు కుదిర్చే ఏ ఆడదైనా ఇంత మాత్రం చెప్పగలదు అని. అవునంటే నేరం రుజువయ్యేది. కాదంటే నేరంలో తోడుదొంగ ఉందని రుజువైంది. ఏ జవాబు వచ్చినా ఫలితం మారని పరీక్షని మా పనిలో పరీక్ష అనరు. ఎప్పుడూ పాస్ అయ్యే టెస్టు రాయడం ఎంత దండగో, ఎప్పుడూ ఫెయిల్ అయ్యే టెస్టు రాయడమూ అంతే దండగ.

కళ్లకి కనిపించే రుజువు కావాలన్నాడు కదా, అది కూడా దొరుకుతుంది. కాసియో, ఇయాగో మాట్లాడుకుంటుంటే దూరం నుంచి చూస్తాడు. కాసియో నవ్వుతున్నాడు. ఆ నవ్వు బియాంకా అన్న మరో అమ్మాయి గురించి. ఒథెల్లోకి మాటలు సరిగా అందవు, నవ్వు కనిపిస్తుంది. డబ్బింగ్ అతనే చెప్పుకుంటాడు. ఫిక్స్ అయినవాడికి కళ్లు కూడా ఇయాగో పక్షమే.

లాగ్ ఫైల్లో టైమ్‌స్టాంపులు చూసుకున్నట్టు ఒక్కసారి కాలం చూసుకున్నా చాలు. పెళ్లైన రాత్రే సెనేట్ నుంచి పిలుపు, ఆ రాత్రే సైప్రస్‌కి ప్రయాణం. కాసియో ఒక ఓడలో, ఒథెల్లో ఇంకో ఓడలో. డెస్డిమోనా వచ్చిన ఓడలో ఉన్నది ఇయాగో. సైప్రస్‌లో దిగిన రాత్రి కాసియో కాపలా డ్యూటీలో తాగి గొడవపడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఈ ఇద్దరికీ తీరిక ఎప్పుడు దొరికింది? నాటకంలో కాలం రెండు వేగాలతో నడుస్తుందనీ, అది షేక్‌స్పియర్ పద్ధతి అనీ విమర్శకులు చెబుతారు. ప్రేక్షకులం ఆ వేగంలో కొట్టుకుపోయి లెక్క అడగం, అది నిజం. కానీ నాటకంలో ఒక మనిషి అడుగుతుంది. ఎమిలియా. ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు, ఎలా, అసలు జరిగే వీలుందా? ఐదు ప్రశ్నలూ సరిగ్గా ఇవే. విచిత్రమేమిటంటే ఆవిడ అడిగే వేళకి అక్కడ ఒథెల్లో లేడు. వింటున్నది ఇయాగో.

అన్నిటికంటే బాధ పెట్టేది ఇంకోటి. ఈ ప్రశ్నలు అడగడం తెలియని లోకం కాదు అది. మొదటి అంకం సెనేట్ సన్నివేశాన్ని చాలామంది దాటేస్తారు, కథ ఇంకా మొదలవ్వలేదని. అక్కడ వెనిస్ పెద్దలు టర్కీ నౌకల గురించి వచ్చిన ఉత్తరాలు పోల్చి చూస్తుంటారు. ఒక దాంట్లో 107 నౌకలు, ఒక దాంట్లో 140, మరో దాంట్లో 200. అంకెలు కలవకపోయినా అన్నీ సైప్రస్ వైపే అంటున్నాయి కాబట్టి ఆ మేరకు నమ్మాలని తేల్చుకుంటారు. అంతలో నౌకలు రోడ్స్ వైపు వెళ్తున్నాయని కబురు. ఒక సెనేటర్ ఆలోచించి, అది మన కళ్లు కప్పడానికి వేసిన ఎత్తు అంటాడు. తర్వాతి కబురు అతను చెప్పిందే నిజమంటుంది. వచ్చిన సమాచారాన్ని ఎంత అనుమానించాలో అంతే అనుమానించడం, ఎంత నమ్మాలో అంతే నమ్మడం అంటే అది.

అదే గదిలోకి డెస్డిమోనా తండ్రి బ్రబాన్షియో వస్తాడు. ఈ నల్లవాడు నా కూతురికి మందు పెట్టాడు అంటాడు. అతను కూడా ఫిక్స్ అయిపోయినవాడే. తన కూతురు ఇష్టపడి ఇతన్ని చేసుకోవడం అతని లెక్కలో అసాధ్యం కాబట్టి మంత్రమే కారణమవ్వాలి. డ్యూక్ ఏమన్నాడు? గట్టిగా చెప్పినంత మాత్రాన అది రుజువు కాదన్నాడు. ఒథెల్లో ఏమడిగాడు? ఆ అమ్మాయిని పిలిపించండి, ఆవిడ్నే అడగండి అన్నాడు. పిలిపించారు. ఆవిడ మాట్లాడింది. అతను బతికాడు. ఆ రాత్రి వెనిస్‌కి యుద్ధం కోసం ఇతని అవసరం ఉంది కాబట్టే అంత ఓపిగ్గా విన్నారని కూడా ఒప్పుకోవాలి. అయినా విన్నారు. రంగు చూసి ముందే తేల్చేసిన తీర్పు నుంచి తనని కాపాడిన ఒకే ఒక్క సంగతి, ఆవిడని పిలిపించి అడగడం. సైప్రస్‌లో ఆవిడకి ఆ అవకాశం అతను ఇవ్వలేదు.

ఇంకో సంగతి. ఆ రాత్రి అందరూ ఖాయమనుకున్నది ఏమిటి? యుద్ధం. దాని కోసమే ప్రయాణం. రెండో అంకం మొదట్లోనే తుపానులో టర్కీ నౌకలు నాశనమైపోతాయి. ఖాయమైన యుద్ధం జరగనే జరగదు. కలలో కూడా ఎవరూ అనుకోని హత్య జరుగుతుంది.

*

దీనికి ఒక ఎదురు వాదన ఉంది. ట్రాజెడీ అంటేనే తప్పించుకోలేనిది కదా, ఒథెల్లో లాంటి మనిషికి ఇయాగో లాంటివాడు తగిలాక ఇంకేం జరుగుతుంది అని. కూతురు తండ్రినే మోసం చేసింది, నిన్నూ చేస్తుంది జాగ్రత్త అని బ్రబాన్షియో వెళ్తూ వెళ్తూ అన్న మాటలోనే అంతా ఉందని చెప్పేవాళ్లున్నారు. చదివేసిన తర్వాత అలా అనిపించడం సహజం. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, 1814 నాటి బ్రిటిష్-గూర్ఖా పోరు గురించి కొందరికి చదవడానికిచ్చి, నాలుగు ఫలితాల్లో ఏది ఎంత సాధ్యమో చెప్పమన్నాడు. ఫలితం ఇదీ అని ముందే చెప్పినవాళ్లకి, చెప్పింది ఏదైనా సరే, అదే జరిగే అవకాశం ఎక్కువనిపించింది. ముగింపు తెలిశాక దారులన్నీ అటే వెళ్తున్నట్టు కనిపిస్తాయి. రెండోసారి సినిమా చూస్తున్నప్పుడు ఫస్ట్ హాఫ్ అంతా హింట్లలా అనిపించడం అందుకే.

కానీ రంగస్థలం మీద నాటకం ముందుకే నడుస్తుంది, వెనక్కి కాదు. 1693లో థామస్ రైమర్ అనే విమర్శకుడు ఈ నాటకాన్ని చీల్చి చెండాడాడు. ఒక చేతి రుమాలు కోసం ఇంత రాద్ధాంతమా, భార్యలు తమ గుడ్డలు జాగ్రత్తగా చూసుకోవాలన్నదే నీతా అని వెక్కిరించాడు. రైమర్‌ని అందరూ నవ్వి వదిలేస్తారు. నాకు మాత్రం అతను సగం సరిగ్గానే పట్టుకున్నాడనిపిస్తుంది. అవును, రుమాలే. అంత అల్పమైనదే. అడ్డుకోలేని శక్తి ఏదీ అక్కడ లేదు. ఒక రుమాలు, ఒక కల, దూరం నుంచి చూసిన ఒక నవ్వు. వీటిలో ఏదైనా ఒక్క సూటి ప్రశ్నతో కూలిపోయేదే. రైమర్ దాన్ని నాటకంలో లోపం అన్నాడు. అందులోనే దాని భయం ఉందని నేనంటాను. విశాల్ భరద్వాజ్ 'ఓంకార' (2006)లో రుమాలు వడ్డాణమైంది, సైప్రస్ ఉత్తరప్రదేశ్ అయింది. వస్తువు మారినా, ఊరు మారినా కథ చెక్కుచెదరలేదంటే కారణం అదే. తేల్చేసుకోవడానికి మనిషికి పెద్ద వస్తువు అవసరం లేదు.

మరి ఆ పంక్తిని తెలుగులోకి తెస్తే ఏమనాలి? ఇవాళ్టి అర్థం తీసుకుని 'ముందే తేలిన ముగింపు' అంటే తప్పు. అక్కడ ఒథెల్లో ముగింపు గురించి మాట్లాడటం లేదు. నేనైతే 'ఎప్పుడో జరిగిపోయిన వ్యవహారం' అంటాను. 'వ్యవహారం' అన్న మాటకి తెలుగులో ఉన్న గుసగుస ఇంగ్లీషు మాటకి లేదు. ఒథెల్లో బుర్రలో నడుస్తున్నది ఆ గుసగుసే.

కానీ పాత అర్థం, కొత్త అర్థం నిజంగా అంత దూరమా? జరగనిదాన్ని జరిగిపోయిందని నమ్మాడు. ఆ నమ్మకం వల్ల జరగాల్సిన అవసరం లేనిది జరిగి తీరింది. వెనక్కి చూసే అర్థమే ముందుకి చూసే అర్థాన్ని పుట్టించింది. ఆ రంగం డెస్డిమోనా కాసియో తరఫున సిఫారసు చెయ్యడంతో మొదలవుతుంది. అది ముగిసే వేళకి మూడు రోజుల్లో కాసియో చావాలని ఆజ్ఞ వెలువడింది, ఆవిడ చావు కూడా తేలిపోయింది. కాదు, ఇప్పుడు నేను కూడా ఆ వాక్యంలో కర్తని దాచేశాను. ఆవిడ చావు అతను తేల్చేశాడు.

కాబట్టి ఈ నుడికారం ఎవరైనా వాడినప్పుడు తెలుగులోకి మార్చుకుని చూడండి. 'లాంఛనమే' అని కుదిరితే అది అంచనా, మ్యాచ్ చూద్దాం. 'కానున్నది' అని కుదిరితే అది ఓదార్పు, ఊరుకుందాం. 'తేల్చేశారు' అని తప్ప ఇంకోలా కుదరకపోతే, ఎమిలియా ప్రశ్నలు అడగాల్సిన చోటు అది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా, అసలు జరిగే వీలుందా.

ఆఖరి రంగంలో డెస్డిమోనా బేరమాడుతుంది. రేపు చంపు, ఈ రాత్రి బతకనివ్వు అంటుంది. కుదరదంటే అరగంట అడుగుతుంది. అదీ కాదంటే ఒక్క ప్రార్థన చేసుకునేంత సమయం. ఒథెల్లో ఇవ్వడు. మొదలుపెట్టాక ఆగడం లేదంటాడు. ఆ వెంటనే తలుపు బయట ఎమిలియా గొంతు వినిపిస్తుంది. ఆవిడ లోపలికి వచ్చాక, ఎవరు ఏమన్నారో గట్టిగా అడగడం మొదలుపెట్టాక, రుమాలు సంగతితో సహా నిజం మొత్తం బయటపడటానికి ఎంతో సేపు పట్టదు. డెస్డిమోనా అడిగిన అరగంట చాలా ఎక్కువ. అందులో సగం సరిపోయేది.